దాచిన మూడు గ్రహాలు

"తొమ్మిదే చూపించారు. మిగతా మూడూ ఎందుకు దాచారు అన్నయ్యగారూ?"

మా అత్తగారు గుడివాడ నుంచి బస్సులో బందరు వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా, కుర్చీలో సరిగా కూర్చోకుండా మా నాన్నను అడిగిన మొదటి మాట ఇది. అప్పటికి మా ఆయన సంవత్సరీకం కూడా కాలేదు. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక రంగుల ప్రింటు ఉన్నాయి. గుడివాడలో కంప్యూటర్ జాతకాలు వేసే అబ్బాయి ఎవరో తీసిచ్చిన నా జాతకచక్రం అది. దాన్ని బల్ల మీద పరిచి ఏడో ఇంట్లో ఉన్న ఒక మాట మీద వేలు పెట్టారు. అక్కడ 'యురేనస్' అని ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం కోపం కంటే ముందు నవ్వొచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేసుకోవడానికి గ్రహాలేమన్నా పట్టుచీరలా? నాన్న కూడా నవ్వుతాడనుకుని ఆయన వంక చూశాను. నాన్న నవ్వలేదు. ఆ ప్రింటును దగ్గరకు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ మాటనే చూస్తూ ఉండిపోయాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

మా నాన్న బందరులో సిద్ధాంతి. పెళ్ళి ముహూర్తాలు, శంకుస్థాపనలు, పిల్లల పేర్లకు అక్షరాలు, ఇవన్నీ మామూలే. ఆయన దగ్గరకు ఎక్కువగా వచ్చేది దివిసీమ జనం. కొత్త పడవ నీళ్ళలో దించాలన్నా, ఇంజను మార్చాలన్నా, ప్రభుత్వం చేపల వేట ఆపమన్న రెండు నెలలూ అయిపోయి మళ్ళీ సముద్రం మీదకు వెళ్ళాలన్నా, హంసలదీవి వైపు నుంచి వచ్చి మా వసారాలో కూర్చునేవారు. నాన్నకు ఒక పట్టింపు ఉండేది. చక్రంలో లేనిది చెప్పడు, ఉన్నది దాచడు. చెడు కనిపిస్తే మెత్తగా చెప్పేవాడు గానీ చెప్పకుండా పంపించేవాడు కాదు. ఎదుటివాళ్ళకు నచ్చేటట్టు చెప్పిన సిద్ధాంతులు మేడలు కట్టుకున్నారు. మేం ఇప్పటికీ పెంకుటింట్లోనే ఉన్నాం.

యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో అంటే ఆయనకు మహా సరదా. ఫోన్లో జాతకాలు చూసుకునే కుర్రాళ్ళు వచ్చి ఆ మూడింటి గురించి అడిగినప్పుడల్లా హుషారొచ్చేది. "సిద్ధాంతి గారూ, నా యాప్‌లో ప్లూటో పదో ఇంట్లో చూపిస్తోందండి. ఉద్యోగం వస్తుందాండి?" అని ఒకతను అడిగాడు. "సైంటిస్టులు దాని ఉద్యోగమే పీకేశారు కదయ్యా, అది నీకేం ఇప్పిస్తుంది?" అన్నాడు నాన్న. వసారా అంతా నవ్వులు.

నవ్వాక కుదురుగా కూర్చోబెట్టి చెప్పేవాడు. మనిషికి నూట ఇరవై ఏళ్ళ ఆయుష్షు అని లెక్కకట్టి తొమ్మిది గ్రహాలూ దశలుగా పంచేసుకున్నాయి. పన్నెండు రాశులకూ యజమానులు ఎప్పుడో కుదిరిపోయారు. పొలం పంచుకుని, గట్లు వేసుకుని, ఎవరి పంట బోదె వాళ్ళు తవ్వుకున్నాక, మేమూ మీ అన్నదమ్ములమేనంటూ ముగ్గురు వచ్చి నిలబడితే వాటా ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి? సూర్యుడికి గోధుమలు, శనికి నువ్వులు, రాహువుకు మినుములు, ఇలా తొమ్మిదింటికీ తొమ్మిది ధాన్యాలున్నాయి. వీటికి ఏ ధాన్యం ఇవ్వాలి? ఏ వారం ఇవ్వాలి? శాంతి చేసుకునే దారి లేని గ్రహం పేరు చెప్పి మనిషిని భయపెట్టడం పాపం అనేవాడు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన వాదన ఇంకొకటుంది. యురేనస్ ఒక రాశి దాటడానికి ఏడేళ్ళు పడుతుంది, నెప్ట్యూన్‌కు దానికి రెట్టింపు, ప్లూటో సంగతి అడగనే అక్కర్లేదు. "ఒక బళ్ళో ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలందరికీ ఒకే రాశిలో ఉండే గ్రహం, అందులో ఒక పిల్ల గురించి ఏం చెప్తుంది? దేశానికి చెప్తుందేమో, కాలానికి చెప్తుందేమో. మనిషికి చెప్పదు" అనేవాడు. దేశానికి వచ్చే కష్టాల గురించి చెప్పేటప్పుడు వాటిని చూసేవాళ్ళున్నారని ఒప్పుకునేవాడు. మనిషి జాతకంలోకి మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను ఇంటర్ చదువుతుండగా మా అమ్మ పోయింది. ఆ తర్వాత సాయంత్రాలు ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఏం మాట్లాడుకోవాలో తెలియక నాన్న నాకు లెక్కకట్టడం నేర్పాడు. బొటనవేలు వదిలేస్తే మిగతా నాలుగు వేళ్ళకూ మూడేసి కణుపులు, మొత్తం పన్నెండు. అవే పన్నెండు రాశులు. చూపుడువేలి అడుగు కణుపు మేషం. అక్కణ్ణుంచి బొటనవేలిని ఆనించుకుంటూ పోతే కాగితం అక్కర్లేకుండా ఏ లగ్నానికి ఏ రాశి ఎన్నో ఇల్లు అవుతుందో తేలిపోతుంది. లగ్నం అంటే మనం పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి. ఇళ్ళన్నీ దాని నుంచే లెక్క. లెక్క వరకే నాకు వచ్చింది. ఫలం చెప్పడం రాలేదు. దానికి మనిషి మీద దయ ఉండాలని నాన్న అనేవాడు. నా నోరు ఎలాంటిదో ఆయనకు తెలుసు.

నా సంబంధం కుదిర్చింది నాన్నే. అబ్బాయికి గుడివాడలో మోటారు వైండింగ్ షాపు ఉంది. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు బిగిస్తాడు, పాడైతే బాగుచేస్తాడు. రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టుకుని నాన్న చాలా రోజులు చూశాడు. చివరికి, "ఆయుర్దాయం గట్టిది. పిల్లాడు మంచివాడు" అన్నాడు. రెండో మాట నిజమే.

మా ఆయన నిజంగా మంచివారు. నా కోపాన్ని సినిమా చూసినట్టు చూసేవారు. బందరు వచ్చినప్పుడల్లా నాన్నను ఆటపట్టించడం ఆయనకు అలవాటు. "మామయ్యగారూ, కరెంటుకి ఏ గ్రహం అధిపతండీ?" అని అడిగేవారు. "నెలనెలా బిల్లు తెచ్చేవాడే అల్లుడుగారూ" అనేవాడు నాన్న. ఇద్దరూ నవ్వుకుంటూ భోజనానికి లేచేవారు. పాప పుట్టాక ఆ నవ్వులు ఇంకా పెరిగాయి.

పాప మూడో తరగతిలో ఉండగా ఒక వర్షాకాలం ముసురు పట్టింది. తెల్లారి ఎవరో చెరువు దగ్గర్నుంచి ఫోన్ చేశారు. ఏరియేటర్లు ఆగిపోయాయి, చేప పైకి తేలుతోంది, వెంటనే రమ్మన్నారు. గాలి అందకపోతే చెరువు చెరువంతా చచ్చిపోతుంది. మా ఆయన టీ సగం తాగి, రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళారు. గట్టు మీద కరెంటు తీగ ఎక్కడో తడిసి ఉంది. ఆస్పత్రికి తీసుకొచ్చేసరికే ప్రాణం లేదన్నారు. నేను వెళ్ళేసరికి ఆయన చేతులకు చెరువు బురద అలాగే ఉంది. కాసిని నీళ్ళతో కడగమని అక్కడున్న వాళ్ళను బతిమాలాను. ఆ రోజు సంగతులు చాలా వరకు నాకు గుర్తు లేవు. అది గుర్తుంది.

నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఓదార్చే మాట ఒక్కటి కూడా అనలేదు. "ఆయుర్దాయం గట్టిది అన్నాను కదమ్మా, గట్టిది అన్నాను కదా" అని అదే మాట తనలో తను అనుకుంటూ ఉన్నాడు. కొన్నాళ్ళకు పాపను తీసుకుని బందరు వచ్చేశాను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది.

ఇంక మా అత్తగారి సంగతి. కొడుకు పోయాక ఆవిడ అన్నం సరిగా తినడం లేదని, గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ బళ్ళ వంక చూస్తూ ఉంటారని విన్నాను. ఎవరో చెప్పగా ఆ కంప్యూటర్ అబ్బాయి దగ్గరకు వెళ్ళారు. పోయినవాళ్ళ చక్రం మళ్ళీ వెయ్యకూడదని మా వైపు పట్టింపు. అందుకని కొడుకుది వేయించలేదు. పెళ్ళప్పుడు నాన్న రాసిచ్చిన నా పుట్టినరోజు, టైము చెప్పి నాది వేయించారు. ఏడో ఇల్లంటే పెళ్ళి. ఆడదాని జాతకంలో ఏడో ఇల్లు మొగుడు. అక్కడ యురేనస్ కనపడింది.

"ఆ అబ్బాయి చెప్పాడు అన్నయ్యగారూ. ఇది కరెంటు గ్రహం అంట. ఉన్నట్టుండి కొడుతుందంట. పెళ్ళానికి ఏడో ఇంట్లో ఉంటే మొగుణ్ణి కొడుతుందంట."

"అవి శాస్త్రంలో లేవండీ అత్తయ్యగారూ" అన్నాను నేను, నాన్న ఎంతకీ మాట్లాడకపోయేసరికి.

ఆవిడ నా వైపు తిరగకుండానే జవాబు చెప్పారు. "ఋషులు శాస్త్రం రాసినప్పుడు కరెంటు లేదమ్మాయ్. అందుకని కరెంటు గ్రహాన్ని రాయలేదు. ఇప్పుడు ఇంటింటికీ ఉందిగా. మరి చూడొద్దా? మా వాడు చేసేదే కరెంటు పని, అది తెలిసీ చూడొద్దా?"

ఇంత పద్ధతిగా ఉన్న తప్పు లెక్కను నేను నా క్లాసులో కూడా ఎప్పుడూ చూడలేదు. దాన్ని ఎక్కడ కొట్టెయ్యాలో తెలియలేదు. నాన్నే కొట్టేస్తాడని ఎదురుచూశాను. పొలం వాటా మాట, ఏడు తరగతుల పిల్లల మాట, ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

"చూసి చెప్తాను చెల్లెమ్మా. నాకు కొంచెం టైమియ్యి" అన్నాడు నాన్న.

ఆవిడ వెళ్ళాక ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. లేని గ్రహానికి ఏం చూస్తావు, ఏం చెప్తావు అని. నాన్న విన్నాడు. విని, ఫోన్లో ఆ మూడు గ్రహాలూ ఏ సంవత్సరం ఎక్కడున్నాయో దొరుకుతుందా అని అడిగాడు.

ఆ మాట గుడివాడలో పాకింది. నా ఏడో ఇంటి సంగతి మా అత్తగారి వైపు చుట్టాలందరికీ తెలిసిపోయింది. మొగుడు పోయినదాన్నని అంతకుముందు పట్టింపు చూపనివాళ్ళే, ఒక పెళ్ళిలో ఎప్పటిలా పెళ్ళికూతురికి జడ వెయ్యబోతే, "నువ్వు కూర్చోమ్మా, మేం వేస్తాంలే" అని చేతిలో దువ్వెన తీసుకున్నారు. పాపను సెలవులకు పంపించమని అడగడం మానేశారు. నాయనమ్మ ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని పాప అడిగినప్పుడు నేను చెప్పిన అబద్ధాలన్నీ పొడిపొడిగా ఉండేవి. నాన్న చెప్పబోయే మాట మీద ఇవన్నీ ఆధారపడి ఉన్నాయి. ఆయన ఔనంటే నేను మొగుణ్ణి మింగినదాన్ని. ఆ పేరు పాపకు కూడా అంటుకుంటుంది.

నాన్న నెలల తరబడి చూశాడు. విజయవాడ నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. స్కూలు నుంచి వచ్చాక నన్ను కూర్చోబెట్టి ఒక్కో గ్రహం గుణాలూ తెలుగులో చెప్పమనేవాడు. యురేనస్ అంటే విప్లవం, విద్యుత్తు, తెగతెంపులు, అనుకోని చావు. ఏడో ఇంట్లో ఉంటే ఏమవుతుందో కూడా నా చేతే చదివించాడు. నా గొంతుతో నా మీద నేరం నేనే చదివి వినిపించాను. చదవనని విసిరికొట్టి ఉండొచ్చు. ఆ పుస్తకం వంక ఆయన చూసే చూపు చూశాక అంత ధైర్యం రాలేదు.

ఒక శనివారం పూజ దగ్గర కొత్త తువ్వాలు పరిచి ఉంది. దాని మీద నవధాన్యాలు కుప్పలుగా పోసి ఉన్నాయి. ఎప్పుడూ ఉండే తొమ్మిదికి పక్కన ఇంకో మూడు కుప్పలున్నాయి, జొన్నలు, సజ్జలు, రాగులు. మా వైపు పండేది వరి, మినుము, పెసర. జొన్నలు కావాలంటే షుగరు ఉన్నవాళ్ళ కోసం సూపర్ మార్కెట్లో ప్యాకెట్లు అమ్ముతారు. నాన్న వెళ్ళి ఆ ప్యాకెట్లే కొనుక్కొచ్చాడు. చిరిగిన కవర్లు పక్కనే ఉన్నాయి.

"ఇవెక్కడున్నాయి నాన్నా? ఏ శాస్త్రంలో ఉన్నాయి?"

"ఎక్కడా లేవమ్మా."

"మరి?"

"ఏదో ఒకటి ఇవ్వాలి కదా" అన్నాడు, తువ్వాలు కొసలు సర్దుతూ.

నాకు దుఃఖం ఆగలేదు. నాకు దుఃఖం వస్తే అది కోపంలాగే బయటికి వస్తుంది. "నువ్వు చెప్పిన లెక్కే నాన్నా ఇది. ఏడేళ్ళు ఆ యురేనస్ ధనుస్సులోనే కూర్చుంది. ఆ ఏడేళ్ళలో నాలాగే మిథున లగ్నంలో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ అది ఏడో ఇంట్లోనే పడుతుంది. రోజూ ఆ లగ్నం ఉండే రెండు గంటల్లో పుట్టినవాళ్ళంతా. వాళ్ళందరి మొగుళ్ళూ పోయారా? గుడివాడలో ఎంతమంది ఉంటారు, బందరులో ఎంతమంది ఉంటారు? వాళ్ళందరూ బొట్టు చెరుపుకున్నారా?"

నాన్న సజ్జల కుప్పను అరచేత్తో సమం చేశాడు. తర్వాత అన్నాడు. "నీ లెక్క కరెక్టేనమ్మా. వాటితో పని లేదని శాస్త్రం అంది. ఊళ్ళో వాళ్ళకి అంతవరకు చూస్తే చాలు. కూతురికి శాస్త్రంలో లేనివి కూడా చూడాల్సింది."

నేను వంటింట్లోకి వెళ్ళి పంపు విప్పి ఏడ్చాను. ఏడ్చి మళ్ళీ వచ్చి, "అంటే నా వల్లేనంటావా?" అని అడిగాను. నాన్న నా మొహం చూడలేదు. కుప్పల్లోంచి బయటికి దొర్లిన జొన్నగింజలు ఏరుతూ కూర్చున్నాడు. ఆ మౌనాన్ని ఔనని అనుకున్నాను. మా ఆయన పోయిన రోజు కంటే ఆ రోజు ఎక్కువ ఒంటరిదాన్నయ్యానంటే ఎవరూ నమ్మరు. ఆయన పోయినప్పుడు నాకు నాన్న ఉన్నాడు.

మా అత్తగారు రెండోసారి ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. బాగా చిక్కిపోయారు. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. నాన్న ఆవిడను కూర్చోబెట్టి, నా చక్రం, మా ఆయన చక్రం తన చేత్తో వేసిన రెండు కాగితాలు బల్ల మీద పరిచాడు. పోయినవాళ్ళ చక్రం వెయ్యకూడదన్న పట్టింపు కూడా వదిలేశాడన్న మాట. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. పాపను పక్కింటికి పంపేశాను.

"ముందు ఇది విను చెల్లెమ్మా" అన్నాడు నాన్న. "పెళ్ళప్పుడు మీకిచ్చింది ఆస్పత్రి వాళ్ళు రాసిన టైము. అది తప్పు. ఇది పుట్టినప్పుడు నేను వరండాలోనే ఉన్నాను. నా వాచీ ప్రకారం దీనిది కర్కాటక లగ్నం. ఆ గ్రహం ఏడో ఇంట్లో లేదు, ఆరో ఇంట్లో పడింది. ఆరో ఇంట్లో ఉంటే ఎవరికీ చెడు లేదు."

అత్తగారు ముందుకు వంగి ఆ కాగితం వంక చూశారు.

"మీ అబ్బాయిది వృషభ లగ్నం. అదే గ్రహం అతనికి ఎనిమిదో ఇంట్లో పడింది. ఎనిమిదంటే ఆయుష్షు. కరెంటు జోలికి పోవద్దని పెళ్ళికి ముందే చెప్పాల్సిన వాణ్ణి. నువ్వన్నది నిజమే చెల్లెమ్మా. నేను తొమ్మిదే చూశాను. ఆ మూడూ చూడలేదు. తప్పు నాది. అమ్మాయిది కాదు."

మా ఆయనది వృషభ లగ్నం కాదు. మా ఇద్దరి చక్రాలూ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చీర చెంగు చాటున బొటనవేలు దానంతటదే కదిలింది. చూపుడువేలి అడుగు కణుపు, మేషం, అది మా ఆయన లగ్నం. అక్కణ్ణుంచి వెళ్తే ధనుస్సు ఉంగరపు వేలి కొస కణుపు మీద పడుతుంది. తొమ్మిదోది. తొమ్మిదో ఇల్లు భాగ్యం. అక్కడ ఏ గ్రహమున్నా ప్రాణం తియ్యదు. నాది ఎన్నిసార్లు లెక్కపెట్టినా మిథునమే. నాన్న తల ఎత్తి నా చేతి వంక చూశాడు. నేను పిడికిలి మూసేశాను.

"మీరు చెప్తే వాడు మానేసేవాడా అన్నయ్యా?" అని అడిగారు అత్తగారు.

"మానేసేవాడమ్మా. నా మాట వినేవాడు."

"వినేవాడు" అన్నారు ఆవిడ. "మీరంటే వాడికి వల్లమాలిన ఇష్టం." ఆ తర్వాత ఏడ్చారు. కొడుకు పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు. కాసేపటికి లేచి నా దగ్గరకు వచ్చి రెండు చేతులతో నా మొహం పట్టుకున్నారు. "నిన్ను ఎన్నెన్ని మాటలన్నానో అమ్మాయ్. దసరా సెలవులకి పాపని పంపించు. నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నారు. నాన్న మీద ఆవిడకు కోపం రాలేదు. వెళ్ళేటప్పుడు ఆయనకు దణ్ణం కూడా పెట్టారు.

నాకు ఎంత తేలికయిందో చెప్పలేను. అంత తేలికవడం సిగ్గుగా కూడా ఉంది. ఆవిణ్ణి పామర్రు మీదుగా వెళ్ళే బస్సెక్కించి ఇంటికి వచ్చేసరికి నాన్న అదే కుర్చీలో ఉన్నాడు. రెండు చక్రాలూ నిలువునా చింపేశాడు.

"ఎందుకలా చెప్పావు? వాటికి జాతకంలో చోటు లేదని చెప్తే పోయేదిగా. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిందేగా."

"చెప్తే నమ్ముతుందా? కూతుర్ని వెనకేసుకొస్తున్నాడనుకుంటుంది. ఎవరో ఒకరి తప్పని తేలితే గానీ ఆవిడకి అన్నం సహించదమ్మా. నాదని తేల్చాను."

"నిజంగా నీకేం కనపడింది నాన్నా? ఇన్ని నెలలు చూశావుగా."

నాన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమీ కనపడలేదు. ఆ మూడింట్లో లేదు. తొమ్మిదింట్లోనూ లేదు. అతను పోతాడని ఎక్కడా లేదమ్మా. అంతా బతకాలనే ఉంది."

ఆయన నా మొహం ఎందుకు చూడలేకపోయాడో నాకు అప్పుడు అర్థమైంది. నేరం దొరికిందని కాదు. నెలల తరబడి వెతికినా నాకిచ్చుకోవడానికి ఒక కారణం కూడా దొరకలేదు ఆయనకు. ఆ సాయంత్రం ఇద్దరం దీపం పెట్టడం కూడా మర్చిపోయి కూర్చున్నాం.

ఆ తర్వాత నాన్న పంచాంగం ముట్టుకోలేదు. చక్రం ముందు పెట్టుకుని అబద్ధం చెప్పినవాడికి ఇంక దాన్ని చదివే హక్కు లేదన్నాడు. సిద్ధాంతి గారు తప్పు ఒప్పుకున్నారన్న మాట గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా వెళ్ళింది. దివిసీమ జనం రావడం మానేస్తారనుకున్నాను. మానకపోగా ఎక్కువైంది. ఒక పడవాయన, "తప్పయిందని చెప్పిన సిద్ధాంతిని మా తాతల నాటి నుంచీ చూడలేదండీ. మీరే పెట్టాలి ముహూర్తం" అని వసారాలో భీష్మించుకుని కూర్చున్నాడు. నాన్న అతనికి మజ్జిగ ఇప్పించి, చల్లపల్లిలో ఇంకో సిద్ధాంతి ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పి పంపించాడు. అతను మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడ్డాడు.

మా అత్తగారు ఇప్పుడు బాగానే ఉన్నారు. పాపకు పచ్చళ్ళు పంపిస్తారు. సెలవులకు తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న చిన్నప్పటి కబుర్లు చెప్పి పంపిస్తారు. నాకు మళ్ళీ జడలు వెయ్యడానికి పిలుపులొస్తున్నాయి. వెళ్తున్నాను కూడా.

పిల్లలకు పన్నెండేళ్ళు నిండేదాకా జాతకం రాయించకూడదంటారు మా ఇళ్ళల్లో. అంతవరకు తల్లిదండ్రులు చేసుకున్నదే వాళ్ళను నడిపిస్తుందంటారు. ఈ మధ్య పాపకు పన్నెండు నిండాయి. లెక్క నేనే కట్టుకోగలను. కట్టలేదు. ఫలం నాన్న నోటితో వినాలని ఉంది. ఒక ఆదివారం పొద్దున వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. కొత్త కాగితాలు, పెన్ను తీసుకెళ్ళి ముందు పెట్టాను.

"ఒక్కసారికి రాయి నాన్నా. మన పాపదే కదా."

నాన్న ఆ కాగితాలను చేత్తో నిమిరాడు. పెన్ను మాత్రం తీసుకోలేదు.

"చల్లపల్లి ఆయన చేత రాయించమ్మా."

"ఇంట్లో నువ్వుండగా బయటివాళ్ళెందుకు?"

"నేను నిండు నూరేళ్ళు అని రాస్తాననుకో. అది అక్కడుంటే రాశానో, నువ్వు బాధపడతావని రాశానో నీకెట్టా తెలుస్తుంది?"

నేను నమ్ముతాను నాన్నా అనాలి. నమ్మని రోజంటూ లేదు అనాలి. నోరు పెద్దదని పేరున్న దాన్ని. ఆ చిన్న మాట నా గొంతులోంచి బయటికి వచ్చేసరికి ఆయన కాగితాలు నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.